కుర్చీ తిరగేస్తే

పారిస్‌లో పాత సామాను వ్యాపారి ఒకరు ఒక ఆసనం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. 18వ శతాబ్దపు ఫ్రాన్స్ రాజకుటుంబానిదని పేరుపడ్డ ఆసనం అది. ఆయన దాని బంగారు పూతనూ చూడలేదు, పట్టుబట్టనూ చూడలేదు. నేరుగా తిరగేశారు. అడుగున గుడ్డ కప్పని కొయ్యకు రెండు వందల ఏళ్ళ మురికి పట్టినట్టే ఉంది. కాసేపు తేరిపార చూసి, వంగి, ఆ కొయ్యను నాలుకతో తాకారు. తియ్యగా తగిలింది. అతిమధురం రుచి! కొత్త కొయ్యకు ముసలి రంగు తెప్పించడానికి అతిమధురం కరిగించి పూసే అలవాటున్న పనివాడు ఆ ఊళ్ళో ఎవరో ఆయనకు తెలుసు.

ఈ అనుమానాన్ని ఆయన వెర్సాయ్ రాజభవనం అధికారులకు చేరవేశారు. అప్పట్లో ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. 2016లో పోలీసులు అరెస్టులు చేశారు. పారిస్ శివారు పొంత్వాజ్ కోర్టులో 2025 వసంతంలో విచారణ జరిగింది. జూన్ 11న తీర్పు వచ్చింది. ఫ్రెంచి పాత కుర్చీల మీద అంతకు మించిన పండితుడు లేడని పేరున్న బిల్ పాలో, వెర్సాయ్ సొంత కుర్చీలకే మరమ్మతులు చేసిన శిల్పి బ్రూనో దెనూ కలిసి 2007-08 నుంచి నకిలీ రాచ కుర్చీలు తయారు చేశారని తేలింది. వాటిలో కొన్నిటిని కొన్నది స్వయానా వెర్సాయే.

కూర్చునే వస్తువు కోసం ఇంత పాండిత్యం, ఇంత సొమ్ము, ఇంత మోసం ఎందుకు అవసరమయ్యాయో తెలియాలంటే, ఆ కుర్చీ పుట్టిన కాలానికి వెళ్ళాలి.

ఎవరు కూర్చోవాలి, ఎవరు నిలబడాలి

14వ లూయీ కొలువులో కుర్చీ అంటే హోదా. రాజు ఎదుట చేతుల కుర్చీలో కూర్చునే హక్కు రాణికి తప్ప ఇంకెవరికీ దాదాపు లేదు. రాజు కన్నబిడ్డలకైనా వీపు ఆనడానికి లేని, చేతులు లేని చిన్న పీటే. దాన్ని తబురే అంటారు. డ్యూక్‌ల భార్యలకు రాణి సమక్షంలో ఆ పీట మీద కూర్చునే హక్కు ఉండేది. మిగతా కులీన స్త్రీలు ఎంత సంపన్నులైనా గంటల తరబడి నిలబడాల్సిందే. ఆ పీట కోసం కుటుంబాలు ఏళ్ళ తరబడి పావులు కదిపేవి, పెళ్ళి సంబంధాలు కుదుర్చుకునేవి. వీపు ఉన్నదా లేదా, చేతులు ఉన్నాయా లేదా అన్న తేడాతోనే మనిషి స్థానం తేలిపోయేది.

ఆ కాలపు కుర్చీలూ అలాగే ఉండేవి. నిటారుగా ఎత్తైన వీపు, బరువైన కాళ్ళు, కాళ్ళను కలుపుతూ అడ్డకర్రలు. వాటిలో కూర్చున్న మనిషి దర్బారు చేస్తున్నట్టు ఉంటాడే తప్ప సేదతీరుతున్నట్టు ఉండడు.

1715లో 14వ లూయీ చనిపోయాక పెద్దింటి జీవితం వెర్సాయ్ నుంచి పారిస్ ఇళ్ళలోకి జరిగింది. గదులు చిన్నవయ్యాయి. పదిమంది చేరి కబుర్లు చెప్పుకోవడం, పేకాడటం, పుస్తకం చదివి వినిపించడం మొదలైంది. కుర్చీ ఆ మాటలకు తగినట్టు వంగింది. అడ్డకర్రలు పోయాయి. కాళ్ళు జింక కాళ్ళలా వంపు తిరిగాయి. వీపు కిందికి దిగింది. చేతుల ఆనికలు ముందుకాళ్ళ మీద నుంచి కాస్త వెనక్కి జరిగాయి. ఆడవాళ్ళు బెత్తం, తిమింగలపు ఎముకల చట్రాలతో వెడల్పైన గౌన్లు తొడిగే రోజులవి. వాటికి చోటివ్వడానికే చేతులు వెనక్కి జరిగాయని చెబుతారు. బట్ట మారితే కొయ్య కూడా మారిందన్నమాట.

15వ లూయీ కాలంలో (1715–1774) ఈ వంపు పరాకాష్ఠకు చేరింది. ఆనాటి మంచి కుర్చీలో నిటారు గీత ఒక్కటి వెతికినా దొరకదు. కాలి మడమ దగ్గర మొదలైన వంపు సీటు అంచు మీదుగా పాకి, చేతిలోకి ఎక్కి, వీపు మీద పువ్వుగా విచ్చుకుంటుంది. ఎక్కడా అతుకు కనబడదు. వడ్రంగానికి ఇంతకన్నా కష్టమైన పరీక్ష లేదు. ఎందుకంటే చెట్టు నిటారుగా పెరుగుతుంది, వంపును మనిషి చెక్కాలి. అడ్డదిడ్డంగా కోస్తే కొయ్య పీచు తెగి కాలు విరుగుతుంది.

16వ లూయీ నాటికి (1774–1792) రుచి మళ్ళీ మారింది. రోము శిథిలాల ప్రభావంతో కాళ్ళు నిటారై, కిందికి సన్నబడుతూ, నిలువు గాడులతో చిన్న స్తంభాల్లా అయ్యాయి. కాలు సీటును కలిసే చోట చతురస్రపు దిమ్మ, దాని మీద చిన్న పువ్వు. వీపు కోడిగుడ్డు ఆకారంలోకో చతురస్రంలోకో వచ్చింది. పాత కుర్చీ ఏ కాలానిదో చెప్పాలంటే ఇప్పటికీ ముందుగా చూసేది కాళ్ళనే.

> పేర్లు, పనులు
>
> రాణి తరహా కుర్చీ: వీపు బల్లపరుపు. గోడకు ఆనించి పెట్టేది. గోడ మీది చెక్కడానికి కొనసాగింపుగా గీసేవారు కాబట్టి కదిపేవారు కాదు.
>
> కాబ్రియోలె: వీపు లోపలికి వంగి భుజాలను పొదివి పట్టుకుంటుంది. తేలిక. ఎటు కావాలంటే అటు లాక్కునేది. తేలికపాటి గుర్రపుబండి పేరే దీనికీ వచ్చింది.
>
> బెర్జేర్: చేతుల కింద కూడా గుడ్డతో మూసి, సీటు మీద విడి దిండు వేసిన వెడల్పు కుర్చీ. హాయి కోసమే పుట్టింది.
>
> వ్వాయోజ్: పేకాట చూసేవాళ్ళ కుర్చీ. వీపు పైఅంచున మెత్త ఉంటుంది. మగవాళ్ళు గుర్రమెక్కినట్టు వెనక్కి తిరిగి కూర్చుని, ఆ మెత్త మీద మోచేతులాన్చి ఆట చూసేవారు.
>
> విరుపు దుషెస్: కాళ్ళు చాచుకునే పొడుగు కుర్చీ. రెండు మూడు ముక్కలుగా విడదీసి వాడుకోవచ్చు.

ఒక్క కుర్చీ, నాలుగు చేతులు

పారిస్‌లో కొయ్యపని చేసేవాళ్ళు రెండు తెగలు. అల్మారాలు, బీరువాలు చేసి వాటి మీద ఖరీదైన కలపను పల్చటి పొరలుగా అతికేవాళ్ళు ఎబెనిస్త్‌లు. అసలు కలపను దిమ్మగా తీసుకుని కుర్చీలు, సోఫాలు, మంచాలు చేసేవాళ్ళు మెనుయిజ్యేలు, అంటే వడ్రంగులు. ఎబెనిస్త్‌లు ఎక్కువగా తూర్పున ఫోబూర్ సాంత్ ఆంత్వాన్‌లో ఉండేవారు. వారిలో జర్మనీ, నెదర్లాండ్స్ ప్రాంతాల నుంచి వలస వచ్చినవాళ్ళు చాలామంది. కుర్చీల వడ్రంగులు ఎక్కువగా ఫ్రెంచివాళ్ళే, క్లెరి వీధి చుట్టుపక్కల ఉండేవారు. తండ్రి దుకాణం పక్కన కొడుకుది, దానికి ఎదురుగా అల్లుడిది. వీధంతా చుట్టరికమే.

వడ్రంగి వాడేది ఎక్కువగా బీచ్ కలప. పీచు దగ్గరగా ఉంటుంది, ఉలికి లొంగుతుంది. చూడ్డానికి మాత్రం సాదాసీదాగా ఉంటుంది కాబట్టి దానికి రంగో బంగారమో పూయాల్సిందే. కలప అందం కనబడాలంటే వాల్‌నట్ వాడేవారు. ఒక కొయ్య చివర చెక్కిన నాలుకను రెండో కొయ్య బెజ్జంలో దించి, అడ్డంగా చెక్కమేకు దిగ్గొట్టేవారు. ఇనుప మేకులుండవు. రెండు వందల యాభై ఏళ్ళ కిందటి అలాంటి అతుకులు ఇవాళ్టికీ కదలకుండా ఉన్న కుర్చీలు మ్యూజియాల్లో వందలకొద్దీ ఉన్నాయి.

చట్రం తయారయ్యాక వడ్రంగి చేతి నుంచి శిల్పి చేతికి వెళ్ళేది. పువ్వులు, ఆకులు, గవ్వలు చెక్కే పని శిల్పిది. వారిది వేరే సంఘం. ఆ తర్వాత పూతపనివాడు. ఈ దశ దగ్గర కాస్త ఆగి చూడాలి. కుందేలు తోలు జిగురులో సుద్ద కలిపి కొయ్య మీద పూస్తారు. ఆరనిచ్చి మళ్ళీ పూస్తారు. ఇలా పది దాకా పూతలు పడేసరికి శిల్పి చెక్కిన సన్నని గీతలన్నీ పూడిపోతాయి. అప్పుడు చిన్న కొక్కేల్లాంటి పనిముట్లతో ఆ సుద్దలోనే ఆకు ఈనెలు, పువ్వు రేకుల మడతలు మళ్ళీ చెక్కుతారు. అంటే పువ్వును రెండుసార్లు చెక్కుతారు, ఒకసారి కొయ్యలో, ఒకసారి సుద్దలో. దాని మీద మెత్తటి ఎర్రమట్టి పూత. ఆ తడి మీద ఊపిరి తగిలినా ఎగిరిపోయేంత పల్చటి బంగారు రేకు. ఆరాక అకీకు రాయి తొడిగిన కర్రతో నునుపు రాస్తే కొన్ని చోట్ల అద్దంలా మెరుస్తుంది. మరికొన్ని చోట్ల కావాలనే రాయకుండా మసకగా వదిలేస్తారు. కొవ్వొత్తుల వెలుగులో ఆ మెరుపూ మసకా దోబూచులాడతాయి. కరెంటు దీపాల కింద మ్యూజియంలో చూసేవాళ్ళకు ఆ ఆట సగమే కనిపిస్తుంది.

చివరికి వచ్చేది గుడ్డపనివాడు. అడుగున నవారు పట్టీలు బిగించి, మీద గుర్రపు వెంట్రుకలు కూరి, ఆ పైన బట్ట కట్టేవాడు. పెద్దిళ్ళలో చలికాలానికి మఖమల్, వేసవికి పట్టు. ఇందుకోసం సీటూ వీపూ విడి చట్రాల మీద కట్టి, రుతువు మారగానే ఊడదీసి వేరేది అమర్చేవారు. గిరాకీతో మాట్లాడి బేరం కుదుర్చుకునేదీ చాలాసార్లు గుడ్డపనివాడే. మొత్తం ఖర్చులో బట్టదే పెద్ద వాటా, తర్వాత పూతది. వడ్రంగికి దక్కేది అన్నిటికన్నా చిన్న వాటా. కుర్చీ నిలబడేది మాత్రం అతని చట్రం మీదే.

వడ్రంగుల పని గురించి ఆనాడే వడ్రంగి కలం నుంచి వచ్చిన పుస్తకం ఒకటుంది. ఆంద్రే జాకబ్ రూబో (1739–1791) తానే వడ్రంగి. పగలు పనిచేస్తూ గణితం, గీతలు నేర్చుకుని, వడ్రంగి కళ మీద 1769 నుంచి 1775 దాకా భాగాలు భాగాలుగా పెద్ద గ్రంథం వెలువరించాడు. కుర్చీ కాలు వంపును దిమ్మ మీద ఎలా గీయాలి, ఒకే దిమ్మలో రెండు కాళ్ళు ఇమిడేలా వృథా కాకుండా ఎలా కోయాలి, మనిషి వీపుకు ఎంత వాలు కావాలి అనే లెక్కలు కొలతలతో సహా అందులో ఉన్నాయి.

పేరు కొట్టే చట్టం

సంఘంలో మేస్త్రీ కావడం తేలిక కాదు. ఆరేళ్ళు శిష్యరికం, ఆ తర్వాత కొన్నేళ్ళు కూలికి పని, చివర్లో పరీక్షగా ఒక వస్తువు చేసి చూపడం, రుసుము కట్టడం. మేస్త్రీ కొడుకైతే రుసుము తక్కువ, పరాయి ఊరివాడైతే ఎక్కువ. పారిస్ మొత్తం మీద కొయ్యపని మేస్త్రీలు వెయ్యికి దగ్గరగా ఉండేవారు.

ఈ సంఘం 1743లో రాసుకున్న నిబంధనలు 1751లో పారిస్ పార్లమా, అంటే ఉన్నత న్యాయస్థానం ఆమోదంతో చట్టమయ్యాయి. వాటి ప్రకారం ప్రతి మేస్త్రీ తన పేరున్న ఇనుప ముద్రతో తాను చేసిన వస్తువు మీద గుర్తు కొట్టాలి. సంఘం పెద్దలు ఏడాదికి నాలుగు సార్లు దుకాణాలు తిరిగి తనిఖీ చేసేవారు. పని బాగుంటే సంఘం ముద్ర కూడా పడేది, బాగాలేకపోతే జప్తే. కుర్చీకైతే ముద్ర సాధారణంగా సీటు చట్రం అడుగున, కూర్చున్నవాడికి ఎప్పటికీ కనబడని చోట పడేది.

ఈ చిన్న నిబంధన లేకపోతే ఇవాళ ఈ వడ్రంగుల్లో సగం మంది పేర్లు కూడా లోకానికి తెలిసేవి కావు. కుర్చీలో కూర్చున్న రాణుల చిత్రపటాలు వందలున్నాయి. చేసినవాళ్ళ ముఖాలు ఎలా ఉండేవో చాలామంది విషయంలో ఎవరికీ తెలియదు. వాళ్ళకు మిగిలిందల్లా బీచ్ కొయ్యలో అంగుళం పొడుగున దిగిన కొన్ని అక్షరాలు.

ముద్రను కళ్ళు మూసుకుని నమ్మడానికీ లేదు. మేస్త్రీ పోతే భార్య దుకాణం నడుపుతూ భర్త ముద్రే కొట్టేది. తిల్యార్ అనే వడ్రంగి తండ్రీ కొడుకులు ఇద్దరూ ఒకటే ముద్ర వాడారు.

ముద్ర వెనక మనుషులు

జాన్ బాప్తిస్త్ తిల్యార్ (1686–1766) 15వ లూయీ కాలపు వంపును తీర్చిదిద్దినవాళ్ళలో పెద్దవాడు. సీటు ముందు అంచు నడుమ హృదయాకారపు చిన్న ఫలకం కనిపిస్తే నిపుణుల చూపు మొదట ఆయన వైపే పోతుంది. నికొలా ఊర్తో (1720–1771) అరుదైనవాడు. వడ్రంగమూ శిల్పమూ రెంటిలోనూ మేస్త్రీ. కొయ్య కోసేటప్పుడే పువ్వు ఎక్కడ వస్తుందో తెలిసినవాడు కాబట్టి ఆయన కుర్చీల్లో చట్రం ఎక్కడ ముగిసి చెక్కడం ఎక్కడ మొదలైందో పట్టుకోలేరు. పారిస్‌కు దూరంగా లియోన్‌లో పియేర్ నోగారె (1718–1771) రంగూ బంగారమూ పూయకుండా వాల్‌నట్ కొయ్యనే నమ్ముకుని చేశాడు. తన ముద్రలో ఊరి పేరు కూడా చేర్చుకున్నాడు.

లూయీ దెలనువా (1731–1792) వంపు నుంచి నిటారు గీతకు దారి మళ్ళించిన వాళ్ళలో ముందున్నాడు. 15వ లూయీ ప్రియురాలు మదాం దు బారి కోసం 1769-70 ప్రాంతంలో కుర్చీలు చేశాడు. పోలండ్ రాజు కోసమూ చేశాడు. ఆయన లెక్కల పుస్తకాలు కాలానికి తట్టుకుని మిగిలాయి. ఎవరికి ఎన్ని కుర్చీలు, ఎంత ధర, చెక్కడానికి ఎంత ఇచ్చాడు అన్నవన్నీ వాటిలో ఉన్నాయి. పాత కుర్చీల చరిత్రకారులకు ఆ పద్దులే పెన్నిధి.

జాన్ బాప్తిస్త్ క్లోద్ సెనె (1748–1803) 16వ లూయీ చివరి రోజుల వడ్రంగి. 1788లో సెన్ క్లూ భవనంలో ఆ రాజు భార్య మేరీ ఆంటొనెట్ గది కోసం ఆయన చేసిన బెర్జేర్ ఇప్పుడు న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియంలో ఉంది. దానికి పూత వేసింది లూయీ ఫ్రాంస్వా షతార్. ఆ తర్వాత ఏడాదికే ఫ్రెంచి విప్లవం వచ్చింది.

అందరిలోకీ పెద్ద జీవితం జార్జ్ జాకోబ్‌ది. బర్గండీలోని షెనీ అనే పల్లెలో 1739లో పుట్టాడు. పదహారేళ్ళయినా నిండకుండా పారిస్ చేరాడు. 1765లో మేస్త్రీ అయ్యాడు. పాత పద్ధతికి కట్టుబడక మహాగని కలపను కుర్చీకి వాడాడు. బంగారం పూయకుండా మెరుగు పెట్టి కలప అందాన్నే చూపించాడు. 1787లో రాంబుయే భవనంలోని రాణి పాలశాల కోసం చిత్రకారుడు యుబేర్ రొబేర్ గీసిన నమూనాల ప్రకారం మహాగని కుర్చీలు చేశాడు. చిత్రకారుడు జాక్ లూయీ దవీద్ చిత్రశాలకు పురాతన రోము, గ్రీకు తరహా ఆసనాలు చేసిచ్చాడు. దవీద్ చరిత్ర చిత్రాల్లో కనిపించే కుర్చీల వెనక ఆ సామానే ఉంది.

కూర్చున్నవాళ్ళు పోయారు, కుర్చీలు మిగిలాయి

విప్లవంలో జాకోబ్‌కు ముప్పు ముంచుకొచ్చింది. రాణికి కుర్చీలు చేసినవాడు రాజపక్షం వాడు కాక ఏమవుతాడన్న అనుమానం అది. ఆయనను కాచింది దవీద్ స్నేహం. పెర్సియే, ఫోంతేన్ అనే ఇద్దరు వాస్తుశిల్పుల నమూనాలతో, త్వీలరీ భవనంలో కొత్త జాతీయ సభ సామానంతా జాకోబ్ చేశాడు. నిన్నటిదాకా రాణికి కుర్చీలు చేసిన చేతులే ఆమె రాజ్యాన్ని కూల్చినవాళ్ళకూ ఆసనాలు చేశాయి. 1793 అక్టోబర్ 16న మేరీ ఆంటొనెట్ తల తెగింది. డిసెంబర్‌లో మదాం దు బారిదీ తెగింది.

అంతకు ముందే, 1793 ఆగస్టు 25న, వెర్సాయ్ సామాను వేలం మొదలైంది. దాదాపు ఏడాది సాగి 1794 ఆగస్టు 11న ముగిసింది. 17,182 పద్దులు! జతలు జతలుగా చేసిన కుర్చీలు తలా ఒక దిక్కుకు పోయాయి. రాజు సామాను శాఖకు అధిపతిగా ఉన్న తియెరి ద విల్ దావ్రే 1792 సెప్టెంబర్ ఊచకోతలో ప్రాణాలు కోల్పోయాడు. ఆయన కోసం 1787లో సెనె చేసిన ఆసనాల వరుస, ఫ్రాన్స్‌తో సరుకుల వ్యాపారం చేసిన జేమ్స్ స్వాన్ అనే అమెరికన్ చేతికి చిక్కి సముద్రం దాటింది. ఇప్పుడది బోస్టన్ మ్యూజియంలో ఉంది.

1791లో సంఘాలు రద్దయ్యాయి. పేరు కొట్టాలన్న నిబంధనా పోయింది. జాకోబ్ కొడుకులు పని కొనసాగించారు. చిన్న కొడుకు జాకోబ్ దెమాల్తెర్ పేరుతో 1804లో నెపోలియన్ సింహాసనం చేశాడు. వందల మంది పనివాళ్ళతో దుకాణం పెద్ద కార్ఖానా అయింది. కానీ పెద్ద గిరాకీలు బాకీలు తీర్చలేదు, యుద్ధాలు వ్యాపారాన్ని కుంగదీశాయి. 1813లో దివాలా తీసింది. మరుసటి ఏడాదే ముసలి జాకోబ్ కన్నుమూశాడు.

ఆ తర్వాతి తరాలకు పాత రాజుల కాలం మోజుగా మారింది. 3వ నెపోలియన్ భార్య యూజెనీ సామ్రాజ్ఞికి మేరీ ఆంటొనెట్ అంటే ఆరాధన. 1867లో ప్తి త్రియనోన్ భవనంలో ఆ రాణి స్మృతిగా ప్రదర్శనే పెట్టించింది. బ్యాంకర్లు, ఇంగ్లిష్ ప్రభువులు, తర్వాత అమెరికన్ కోటీశ్వరులు అసలు కుర్చీలు కొన్నారు. అవి దొరకనివాళ్ళకు ప్రతులు తయారయ్యాయి. నిజాయితీగా ప్రతులని చెప్పి అమ్మిన 19వ శతాబ్దపు కుర్చీలు ప్రపంచంలో ఎన్నో రాజమహళ్ళకు చేరాయి.

> హైదరాబాద్‌లో చూడొచ్చు
>
> మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) సేకరణలతో 1951 డిసెంబర్‌లో మొదలైన సాలార్‌జంగ్ మ్యూజియంలో ఐరోపా సామానుకు ప్రత్యేకంగా గదులున్నాయి. 15వ లూయీ, 16వ లూయీ, నెపోలియన్ శైలుల ఫ్రెంచి సామాను అక్కడ ఉంది. వంపు కాలు, గాడుల కాలు తేడా పక్కపక్కనే పోల్చుకోవచ్చు. టిప్పు సుల్తాన్‌కు ఫ్రాన్స్ రాజు కానుకగా పంపాడని చెప్పే దంతపు కుర్చీలూ అక్కడే ఉన్నాయి. టిప్పు రాయబారులను 16వ లూయీ 1788 ఆగస్టులో వెర్సాయ్‌లో కొలువుదీరి ఆహ్వానించాడు. ఆ కొలువు సాగిన గదుల సామానే అయిదేళ్ళు తిరిగేసరికి వేలానికి వచ్చింది.

ఖాళీ చోటు చూసి దెబ్బ

వెర్సాయ్ 20వ శతాబ్దం నుంచీ చెదిరిన సామానును తిరిగి కొనుక్కుంటోంది. పాత పద్దులు చూస్తే ఏ గదికి ఎన్ని కుర్చీలు చేశారో తెలుస్తుంది. కొన్నే దొరికాయి, మిగతావి ఏమయ్యాయో తెలియదు. ఈ దొరకని కుర్చీల జాబితా మోసగాడికి బంగారు గని. లేని చరిత్రను కల్పించనక్కరలేదు, ఉన్న చరిత్రలోని ఖాళీని నింపితే చాలు.

బిల్ పాలోకు ఆ ఖాళీలన్నీ కంఠతా వచ్చు. 18వ శతాబ్దపు ఫ్రెంచి కుర్చీల మీద 1987లో ఆయన ప్రచురించిన పుస్తకం ఆ రంగంలో ప్రామాణికం. సోర్బోన్‌లో పాఠాలు చెప్పాడు. పారిస్‌లోని ప్రసిద్ధ శ్మశానం పేరు పేర్ లషేజ్. ఫ్రెంచిలో షేజ్ అంటే కుర్చీ కాబట్టి ఆయనకు ఆ పేరే ముద్దుపేరైంది, కుర్చీల పెద్దాయన అన్న అర్థంలో. బ్రూనో దెనూ మాత్రం చేతుల మనిషి. ఫోబూర్ సాంత్ ఆంత్వాన్‌లో కార్ఖానా. పాత కుర్చీని విప్పి, చెక్కి, అతికి, ముందున్నట్టే నిలబెట్టగలవాడు. అంతటి చెయ్యి కాబట్టే రాజభవనం తన కుర్చీలు అప్పగించింది.

పాలో వేలాల్లో మామూలు పాత చట్రాలు కొనేవాడు. ఆనాటి కొయ్య కాబట్టి వయసు పరీక్షకు నిలుస్తుంది. దెనూ దాన్ని రాచ కుర్చీగా చెక్కేవాడు. పూతకూ బట్టకూ వేరే పనివాళ్ళు. అడుగున గొప్ప మేస్త్రీ పేరుతో ముద్ర. తర్వాత గ్యాలరీల ద్వారా, వేలం సంస్థల ద్వారా బజారులోకి. దెలనువా చేశాడన్న దు బారి కుర్చీలు, జాకోబ్ చేశాడన్న మేరీ ఆంటొనెట్ కుర్చీ, 16వ లూయీ చెల్లెలు ఎలిజబెత్ బెర్జేర్ అన్నదీ ఇలాగే వెర్సాయ్ చేరాయి. ప్తి త్రియనోన్ తోటలోని బెల్వెదేర్ మంటపానివన్న జత కుర్చీలను 2013లో ఫ్రాన్స్ ప్రభుత్వం జాతీయ నిధిగా ప్రకటించింది. 2015లో ఖతార్ రాజకుటుంబీకుడు వాటిని 20 లక్షల యూరోలకు కొన్నాడు.

బండారం బయటపడింది కళాపరీక్షతో కాదు, డబ్బు లెక్కతో. నెలకు 2,500 యూరోల ఆదాయమున్న ఒక డ్రైవర్ ఫ్రాన్స్‌లో, పోర్చుగల్‌లో కలిపి 12 లక్షల యూరోల ఆస్తులు కొన్నాడు. ఆ సొమ్ము తీగ లాగితే దెనూ కార్ఖానా కదిలింది. దెనూ, పాలో ఇద్దరూ నేరం ఒప్పుకున్నారు. 2016లో ఫ్రాన్స్ సాంస్కృతిక శాఖ వెర్సాయ్ కొనుగోళ్ళ పద్ధతి మీద విచారణకు ఆదేశించింది.

తీర్పులో పాలోకు నాలుగేళ్ళ జైలు పడింది. అందులో 44 నెలలు అమలు కాకుండా నిలిపివేశారు, మిగతా నాలుగు నెలలు ఇంతకు ముందే నిర్బంధంలో గడిచిపోయాయి. 2 లక్షల యూరోల జరిమానా, అయిదేళ్ళు నిపుణుడిగా పనిచేయకుండా నిషేధం అదనం. దెనూకు మూడేళ్ళు, అందులో 32 నెలలు నిలిపివేత, లక్ష యూరోల జరిమానా. సరిగా పరీక్షించకుండా అమ్మారన్న ఆరోపణ ఎదుర్కొన్న గ్యాలరీ నిర్దోషిగా బయటపడింది.

> అడుగు చదవడం
>
> రంపపు గీత: చేతి రంపం కోత నిటారుగా, హెచ్చుతగ్గులుగా ఉంటుంది. గుండ్రంగా వంగిన గీతలు కనబడితే అది యంత్రపు కోత, 19వ శతాబ్దం లేదా ఆ తర్వాతిది.
>
> పురుగు బెజ్జం: కొయ్యపురుగు లోపల సొరంగాలు తవ్వుతుంది, బయటికి గుండ్రటి చిన్న బెజ్జమే కనబడాలి. పైన కాలవలా తెరుచుకున్న సొరంగం ఉంటే, పుచ్చిన పాత కొయ్యను తర్వాత కోసి చెక్కారని అర్థం.
>
> కాలి మందం: గుండ్రంగా తిప్పిన కాలు ఏళ్ళు గడిచేకొద్దీ ఒకవైపు ఎక్కువ ఎండి కోడిగుడ్డులా అవుతుంది. కొలతబద్దకు అటూ ఇటూ ఒకటే కొలత వస్తే అనుమానించాలి.
>
> మేకుల జాడలు: బట్ట మార్చినప్పుడల్లా సీటు అంచున కొత్త మేకు బెజ్జాలు పడతాయి. రెండు వందల ఏళ్ళ కుర్చీకి అంచు జల్లెడలా ఉండాలి.
>
> ముద్ర: దెబ్బ తగిలిన చోట కొయ్య పీచు నలిగి, ఆ లోతులోనూ పాత మురికి చేరి ఉండాలి.

పని ఇంకా బతికే ఉంది

ఈ కేసులో ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. దెనూ కుర్చీలు పెద్ద పెద్ద నిపుణులనే నమ్మించాయి. కొలతలు, చెక్కడం, పూత అన్నీ పాతవాటికి తీసిపోలేదు. ఆ కుర్చీలు అంత ధర పలికింది వాటిలో కూర్చున్నవాళ్ళ పేర్ల వల్ల. చేసినవాడి పేరు ఆ ధరకు రుజువుగా అడుగున ఉండేది. దెలనువా, జాకోబ్‌ల ముద్రను దొంగిలించడమంటే కొన్నవాణ్ని మోసం చేయడమే కాదు, చిన్న వయసులోనే పల్లె నుంచి వచ్చి, ఏళ్ళ తరబడి నేర్చుకుని, తన పేరు కొట్టుకునే హక్కు సంపాదించుకున్న మేస్త్రీ కష్టాన్ని దొంగిలించడం కూడా.

పారిస్‌లో 1886లో మొదలైన ఎకోల్ బుల్‌లో కుర్చీల వడ్రంగం, చెక్కడం, గుడ్డపని ఇప్పటికీ వేరువేరు విద్యలుగానే నేర్పుతారు. ఫోబూర్ సాంత్ ఆంత్వాన్‌లో కార్ఖానాలు చాలావరకు మూతపడ్డా, పాత వాకిళ్ళు, రాళ్ళు పరిచిన లోగిళ్ళు ఉన్నాయి. వాటిలో అక్కడక్కడా పనివాళ్ళు మిగిలారు. రూబో గ్రంథంలోని భాగాలు ఈ శతాబ్దంలో ఇంగ్లిష్‌లోకి వచ్చాయి. అందులో ఆయన గీసిన వడ్రంగి పనిబల్లను, మందపాటి పలక, నేరుగా దానిలోకి దిగిన నాలుగు బలమైన కాళ్ళు, అదే కొలతలతో అమెరికాలో, ఐరోపాలో చేతిపనివాళ్ళు తమ ఇంటి షెడ్లలో చేసుకుంటున్నారు. ఆ బల్లకు వాళ్ళు పెట్టుకున్న పేరు రూబో.